రేటు తేలని పైపు: రష్యా గ్యాస్, చైనా బేరం

2025 సెప్టెంబర్ మొదటి వారంలో నా వాట్సాప్ నిండా ఒకటే వార్త. రష్యా, చైనా కలిసి ప్రపంచంలోనే పెద్ద గ్యాస్ పైప్‌లైన్‌కి సంతకాలు పెట్టేశాయట, యూరప్ పని ఖతమట, అమెరికాకి దిమ్మ తిరిగిపోయిందట. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ సంగతి చెప్పక్కర్లేదు, పుతిన్, షీ జిన్‌పింగ్ షేక్‌హ్యాండ్, వెనకాల మంటలు, మూలన ట్రంప్ తల పట్టుకుని. ఈ గ్యాస్ వ్యవహారం నేను చాలాకాలంగా చదువుతున్నాను కాబట్టి ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ "నిజమేనా?" అని అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సంతకాలు జరిగిన మాట నిజం. కానీ ఆ కాగితంలో అసలైన అంకె లేదు.

జరిగింది ఇదీ. సెప్టెంబర్ 2న బీజింగ్‌లో రష్యా ప్రభుత్వ సంస్థ గాజ్‌ప్రోమ్, చైనా ప్రభుత్వ సంస్థ సీఎన్‌పీసీ కలిసి 'పవర్ ఆఫ్ సైబీరియా 2' మీద ఒక మెమొరాండం రాసుకున్నాయి. చట్టబద్ధంగా కట్టుబడి ఉండాల్సిన ఒప్పందమని గాజ్‌ప్రోమ్ అధిపతి అలెక్సీ మిల్లర్ రష్యన్ విలేకరులకి చెప్పాడు. పశ్చిమ సైబీరియా నుంచి మంగోలియా మీదుగా ఉత్తర చైనాకి, ఏడాదికి 5,000 కోట్ల క్యూబిక్ మీటర్లు, 30 ఏళ్లపాటు. మన దేశం మొత్తం ఏడాదికి వాడే గ్యాస్ సుమారు 7,000 కోట్ల క్యూబిక్ మీటర్లు, అంటే ఈ ఒక్క పైపులో అందులో మూడింట రెండొంతులకి పైనే పారుతుందన్నమాట. అంతా బాగానే ఉంది. మరి రేటెంత? అది విడిగా మాట్లాడుకుంటామని ఆయనే చెప్పాడు. పైపు వేయడానికి డబ్బెవరు పెడతారు, గ్యాస్ ఎప్పటికి వస్తుంది అంటే జవాబు లేదు. చైనా వైపు నుంచి అయితే ఆ వివరాలేవీ రానే లేదు. తాంబూలాలు మార్చుకుని, కట్నం, ముహూర్తం తర్వాత చూద్దాం అనుకున్న పెళ్లి ఇది. పైగా ఊరంతా చాటింపు వేస్తున్నది ఒక్క వైపు వాళ్లే.

ఇందులో స్నేహం ఎంత, బేరం ఎంత అన్నది తెలియాలంటే ముందు పైపులో వెళ్లే గ్యాస్‌కీ, ఓడలో వెళ్లే చమురుకీ ఉన్న తేడా పట్టుకోవాలి. చమురుని ట్యాంకర్‌లో నింపి పంపితే ఒకడు వద్దంటే ఇంకొకడికి అమ్ముకోవచ్చు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చేసింది అదే, యూరప్ మానేసిన చమురు మన రిఫైనరీలకి వచ్చింది, డిస్కౌంట్ ఇచ్చినా సరుకు మాత్రం అమ్ముడుపోయింది. గ్యాస్‌తో అలా కుదరదు. మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిచి ద్రవంగా మార్చి, అంటే ఎల్‌ఎన్‌జీ చేసి, ప్రత్యేకమైన ఓడల్లో పంపాలి, దానికి వేల కోట్ల డాలర్ల ప్లాంట్లు కావాలి. లేదంటే పైపు వేయాలి. పైపు ఒకసారి భూమిలో పాతాక అది కదలదు, అవతలి చివర ఎవరున్నారో వాళ్లే దానికి దిక్కు. పాతే ముందు అమ్మేవాడి చేతిలో ఎంతో కొంత బలం ఉంటుంది, పాతాక అది కొనేవాడి చేతికి పోతుంది, వాడికి వేరే చోట గ్యాస్ దొరికితే మరీనూ.

రష్యాకి ఈ పాఠం కొత్తేం కాదు. నల్ల సముద్రం అడుగున టర్కీకి 'బ్లూ స్ట్రీమ్' అని ఒక పైపు వేసింది, సముద్రం లోతు రెండు కిలోమీటర్ల పైన ఉన్న చోట, ఇంజినీరింగ్ పరంగా అప్పట్లో గొప్ప పని. 2003 ఫిబ్రవరిలో గ్యాస్ మొదలైంది. కొన్ని వారాలకే టర్కీ గ్యాస్ తీసుకోవడం ఆపేసి, రేటు ఎక్కువగా ఉంది తగ్గించమని కూర్చుంది. పైపు వేసేశాక రష్యా ఏం చేస్తుంది? ఆ ఏడాది చివరికి కొత్త రేటుకి ఒప్పుకుంది.

సరే టర్కీ వేరు, చైనా స్నేహితుడు కదా అంటారా, అక్కడ కూడా ఒకటి జరిగింది, అదీ చమురులో. 2009లో రష్యా కంపెనీలు రోస్‌నెఫ్ట్, ట్రాన్స్‌నెఫ్ట్‌కి చైనా 2,500 కోట్ల డాలర్ల అప్పిచ్చింది, బదులుగా ఇరవై ఏళ్లపాటు ఏడాదికి 1.5 కోట్ల టన్నుల చమురు. సైబీరియా పెద్ద లైన్ నుంచి చైనాలోని దాచింగ్‌కి పాయలాగా ఒక పైపు వేశారు, 2011 జనవరి నుంచి చమురు పారింది. పారిన కొన్ని నెలలకే సీఎన్‌పీసీ బిల్లులో కొంత కోసి కట్టడం మొదలుపెట్టింది. రవాణా ఛార్జీ ఎక్కువ వేస్తున్నారు, మా చమురు పెద్ద లైన్ చివరిదాకా పోకుండా మధ్యలోనే పాయలోకి తిరుగుతోంది కదా, మేమెందుకు పూర్తి ఛార్జీ కట్టాలి అని వాదన. కోర్టుకెళ్తామని రష్యా వాళ్లు బెదిరించారు కూడా. చివరికి 2012లో పీపాకి ఒకటిన్నర డాలర్ తగ్గించి గొడవ తీర్చుకున్నారు. ఒకటిన్నరే కదా అనుకోకండి, ఇరవై ఏళ్ల లెక్క వేసి చూడండి. నాకు ఆ కథలో నచ్చేది ఏంటంటే చైనా ఎక్కడా అరవలేదు, పత్రికల్లో తిట్టలేదు, ఊరికే బిల్లు తక్కువ కట్టింది.

ఇక మొదటి 'పవర్ ఆఫ్ సైబీరియా' సంగతి. పదేళ్లకి పైగా నలిగిన బేరం అది. రేటు దగ్గరే ఆగిపోయేది ప్రతిసారీ, రష్యా యూరప్ రేటు అడిగేది, చైనా తుర్క్‌మెనిస్తాన్ నుంచి కొనే రేటు చూపించేది. 2014 మార్చిలో రష్యా క్రిమియాని కలుపుకుంది, పశ్చిమ దేశాలు ఆంక్షలు మొదలుపెట్టాయి. రెండు నెలల తర్వాత మే నెలలో పుతిన్ షాంఘై వెళ్లాడు. మొదటి రోజు సంతకాలు అవలేదు, అందరూ బేరం చెడిందనే రాసేశారు. రాత్రంతా చర్చలు నడిచి మర్నాడు, 21న, సంతకాలయ్యాయి. ఏడాదికి 3,800 కోట్ల క్యూబిక్ మీటర్లు, 30 ఏళ్లు, మొత్తం విలువ 40,000 కోట్ల డాలర్లన్నారు. రేటు వ్యాపార రహస్యమన్నారు, కానీ భాగహారం వచ్చిన ఎవరైనా వెయ్యి క్యూబిక్ మీటర్లకి 350 డాలర్ల చుట్టూ ఉందని లెక్క కట్టేశారు. చైనా మిత్రులు బేరంలో గట్టివాళ్లని పుతిన్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. అసలు విషాదం ఆ ఫార్ములాలో ఉంది. గ్యాస్ రేటుని చమురు ధరలకి కట్టారు. సంతకం నాటికి పీపా చమురు 110 డాలర్ల దగ్గర ఉంది, ఆ ఏడాది ముగిసేసరికి సగానికి పడిపోయింది. అంటే ఆ 40,000 కోట్ల అంకె సిరా ఆరేలోపే గాలికి పోయింది. మన ఛానెళ్లు మాత్రం పదేళ్లుగా అదే అంకె చెప్తున్నాయి.

2019 డిసెంబర్ 2న గ్యాస్ మొదలైంది. అమూర్ నది కింద నుంచి, రష్యా ఊరు బ్లాగోవెష్చెన్స్క్ దగ్గర నుంచి అవతలి ఒడ్డున చైనా ఊరు హేహే వైపు. చైనా తన భూభాగంలో దాన్ని షాంఘై దాకా 5,111 కిలోమీటర్లు పొడిగించి 2024 డిసెంబర్‌కి పూర్తి చేసింది, అదే నెలలో పైపు పూర్తి సామర్థ్యానికి చేరింది. ఇది నిజమైన విజయమే, కాదనడానికి లేదు. యకూతియాలో చలికాలం మైనస్ 60కి పోయే నేలలో పైపు వేయడం మాటలు కాదు.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "యూరప్ కొనకపోతే పోయింది, ఆ గ్యాస్‌ని అటు తిప్పి చైనాకి పంపేస్తారు" అంటారు. తిప్పడానికి అది పొలంలో కాలువ కాదు. మొదటి పైపుకి గ్యాస్ వచ్చేది తూర్పు సైబీరియాలోని చయాందా, కొవిక్తా క్షేత్రాల నుంచి. యూరప్‌కి వెళ్లే గ్యాస్ వచ్చేది పశ్చిమ సైబీరియా, యమాల్ ద్వీపకల్పం నుంచి. మధ్యలో వేల కిలోమీటర్లు, రెండు వ్యవస్థలనీ కలిపే పెద్ద లైన్ లేదు. కాబట్టి 2022 తర్వాత యమాల్ బావులకి జరిగిన నష్టాన్ని మొదటి పైపు ఒక్క క్యూబిక్ మీటర్ కూడా పూడ్చలేదు. రెండో పైపు మీద రష్యాకి అంత ఆరాటం అందుకే, యూరప్ కోసం తవ్విన ఆ బావుల గ్యాస్‌ని తూర్పుకి తేగలిగే దారి అదొక్కటే.

ఆ నష్టం ఎంతో చూడండి. యుద్ధానికి ముందు 2021లో యూరప్‌కి రష్యా గ్యాస్ ఏడాదికి 15,000 కోట్ల క్యూబిక్ మీటర్ల స్థాయిలో వెళ్లేది. 2022లో రష్యానే కుళాయి కట్టేస్తూ వచ్చింది, యూరప్ చలికి వణికి దారికొస్తుందని లెక్క. సెప్టెంబర్‌లో జర్మనీకి వెళ్లే నార్డ్ స్ట్రీమ్ పైపుల్ని బాల్టిక్ సముద్రం అడుగున పేల్చేశారు. 2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా వెళ్లేది కూడా ఆగింది. ఇప్పుడు యూరప్‌కి మిగిలిన పైపుదారి టర్కీ మీదుగా వచ్చే టర్క్‌స్ట్రీమ్ ఒక్కటే, 2027 చివరికల్లా అదీ మానేస్తామని యూరోపియన్ యూనియన్ నిర్ణయం. గాజ్‌ప్రోమ్ 2023లో 62,900 కోట్ల రూబుళ్ల నష్టం చూపించింది, 1999 తర్వాత మొదటి వార్షిక నష్టం. రష్యా ప్రభుత్వ ఖజానాకి పాడి ఆవులాంటి కంపెనీ అది, దానికే ఈ గతి. రెండో పైపు రేపే మొదలై పూర్తిగా నిండినా పోయినదాంట్లో మూడో వంతే వస్తుంది, అదీ చైనా రేటుకి. 2025లో చైనాకి అమ్ముతున్న రేటు టర్కీ, యూరప్‌ల రేటు కన్నా మూడో వంతుకి పైగా తక్కువని రష్యా ఆర్థికాభివృద్ధి శాఖ అంచనాల్లోనే ఉంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

మరి చైనా? నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. 2022 ఫిబ్రవరి 4న, వింటర్ ఒలింపిక్స్ మొదలైన రోజున, "హద్దులు లేని స్నేహం" అని ఇద్దరూ ప్రకటించారు, అదే రోజున రష్యా తూర్పు కొసన ఉన్న సఖాలిన్ దీవి వైపు నుంచి ఏడాదికి 1,000 కోట్ల క్యూబిక్ మీటర్ల ఇంకో చిన్న ఒప్పందం కూడా అయింది. ఆ తర్వాత మూడేళ్లు రెండో పైపు గురించి రష్యా నాయకులు దాదాపు ప్రతి సమావేశం తర్వాతా "ఇక చివరి దశ" అని చెప్తూ వచ్చారు, చైనా ప్రకటనల్లో ఆ మాట కనబడేది కాదు. 2024 మేలో పుతిన్ బీజింగ్ వెళ్తే ఆ బృందంలో గాజ్‌ప్రోమ్ మిల్లర్ లేడు, ఆ సమయానికి ఆయన ఇరాన్‌లో ఉన్నాడు. తర్వాతి నెలలో ఫైనాన్షియల్ టైమ్స్ రాసింది, రష్యా తన దేశంలో జనాలకి ఇచ్చే సబ్సిడీ రేటుకి దగ్గరగా ఇవ్వమని చైనా అడుగుతోందని, పైగా మొత్తం 5,000 కోట్లలో కొద్ది భాగానికే కచ్చితంగా కొంటామని హామీ ఇస్తానంటోందని. అవసరం ఎవరిదో తెలిసినవాళ్లు ఆడే బేరం అది.

చైనాకి ఆ ధీమా ఊరికే రాలేదు, ఇరవై ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చింది. ఏడాదికి 42,000 కోట్ల క్యూబిక్ మీటర్ల పైన వాడుతుంది, అందులో సగానికి పైగా సొంత ఉత్పత్తే. మిగతాదాంట్లో ఆస్ట్రేలియా, ఖతార్‌ల ఎల్‌ఎన్‌జీ ఉంది. 2009లో తుర్క్‌మెనిస్తాన్ నుంచి ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ మీదుగా పైపు తెచ్చుకుంది, ఇప్పుడు మూడు లైన్లు, 5,500 కోట్ల సామర్థ్యం. తుర్క్‌మెన్‌ల కథ కూడా చూడదగ్గదే. అంతకుముందు వాళ్ల గ్యాస్‌కి రష్యానే దిక్కు, రష్యా చవగ్గా కొని ఎక్కువకి అమ్ముకునేది. 2009 ఏప్రిల్‌లో రష్యాకి గ్యాస్ తీసుకెళ్లే పైపు పేలింది, గొడవలయ్యాయి, కొనుగోళ్లు తగ్గాయి, 2016లో గాజ్‌ప్రోమ్ పూర్తిగా మానేసింది. దాంతో తుర్క్‌మెనిస్తాన్ చైనా చేతిలో పడింది, అప్పులు గ్యాస్‌తోనే తీర్చుకుంటూ. ఒకే కొనుగోలుదారు ఉంటే ఏమవుతుందో గాజ్‌ప్రోమ్‌కి చెప్పాల్సిన పనిలేదు, అటువైపు కుర్చీలో అది చాలా ఏళ్లు కూర్చుంది.

మయన్మార్ పైపు సంగతి మనకి కొంచెం గుచ్చుకుంటుంది. బంగాళాఖాతంలో అరకాన్ తీరం దగ్గర 'ష్వే' అనే గ్యాస్ క్షేత్రం ఉంది. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కి 17 శాతం, గెయిల్‌కి 8.5 శాతం వాటా. ఆ గ్యాస్‌ని బంగ్లాదేశ్ మీదుగా తెచ్చుకుందామని మనవాళ్లు ఏళ్లపాటు మాట్లాడారు. ఢాకాతో తేలలేదు, ఈశాన్య రాష్ట్రాల మీదుగా తేవాలంటే ఖర్చు ఎక్కువన్నారు, ఫైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. 2008లో మయన్మార్ ఆ గ్యాస్‌ని చైనాకి రాసిచ్చేసింది, 2013 నుంచి చైనాలోని యునాన్ రాష్ట్రానికి పోతోంది. మన ప్రభుత్వ కంపెనీలు వాటాదార్లుగా తీసిన గ్యాస్ చైనా వంటిళ్లలో మండుతోంది. చైనాకి అది పెద్ద పరిమాణం కూడా కాదు, కానీ బేరానికి కూర్చున్నప్పుడు చూపించడానికి ఇంకో తలుపు.

అలాగని చైనాకి రష్యా గ్యాస్ అక్కర్లేదనుకుంటే అదీ పొరపాటే, ఈ విషయంలో పాశ్చాత్య విశ్లేషకులు కొందరు మరీ ఒక వైపే లాగుతారు. ఓడల్లో వచ్చే ఎల్‌ఎన్‌జీ అంతా సముద్రం మీదే ఆధారం, ఖతార్ గ్యాస్ హోర్ముజ్ జలసంధి దాటాలి, మలక్కా జలసంధి దాటాలి, ఆ సముద్రాల్లో అమెరికా నౌకాదళం ఉంటుంది. తైవాన్ మీద ఏదైనా జరిగితే? భూమ్మీద నుంచి వచ్చే పైపుని ఏ నౌకాదళమూ ఆపలేదు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ సుంకాలకి బదులుగా అమెరికా ఎల్‌ఎన్‌జీ మీద చైనా 15 శాతం పన్ను వేసింది, అప్పట్నుంచి అమెరికా ఎల్‌ఎన్‌జీ కొనడం ఆపేసింది. సెప్టెంబర్ మెమొరాండంలో నాకు కనిపించే చైనా లాభం ఇది: ఒక్క యువాన్ ఖర్చు లేకుండా అమెరికాకి, ఖతార్‌కి, ఆస్ట్రేలియాకి ఒకేసారి "మాకు వేరే దారి ఉంది" అని వినిపించింది. తర్వాత ఎల్‌ఎన్‌జీ కాంట్రాక్టులకి కూర్చున్నప్పుడు అది పనికొస్తుంది, పైపు వేసినా వేయకపోయినా.

ఆ మెమొరాండంకి కొద్ది రోజుల ముందు జరిగిన ఇంకో చిన్న సంఘటన నాకు దానికన్నా ముఖ్యంగా అనిపించింది. ఆర్కిటిక్ ఎల్‌ఎన్‌జీ 2 అని రష్యా ఉత్తరాన ఒక ప్లాంట్ ఉంది, అమెరికా ఆంక్షల దెబ్బకి దాని సరుకు కొనేవాళ్లు లేక ఓడలు నెలల తరబడి సముద్రం మీద తిరిగేవి. 2025 ఆగస్టు చివర్లో, పుతిన్ చైనాలో దిగబోతుండగా, ఆ సరుకు మొదటిసారి దక్షిణ చైనాలోని బైహాయ్ టెర్మినల్‌లో దిగింది. ఆంక్షలంటే మాకు లెక్క లేదని మాటల్లో కాదు, ఒక ఓడతో చెప్పారు. అదీ ఎంత జాగ్రత్తగా! షాంఘై లాంటి పెద్ద రేవులో కాకుండా ఒక మూలనున్న టెర్మినల్‌లో, దెబ్బ తగిలినా అదొక్కటే తగిలేలా. నిజంగానే అక్టోబర్‌లో బ్రిటన్ ఆ టెర్మినల్ మీద ఆంక్షలు వేసింది. ఆ గ్యాస్‌కీ గట్టి డిస్కౌంటే, వేరే చెప్పాలా.

మధ్యలో పాపం మంగోలియా. పైపు వాళ్ల నేల మీదుగా 960 కిలోమీటర్లు పోవాలి. రవాణా ఛార్జీ వస్తుంది, బొగ్గు పొగతో ఉక్కిరిబిక్కిరయ్యే ఉలాన్‌బాతర్‌కి గ్యాస్ వస్తుందన్న ఆశ వాళ్లది. అయితే 2024 ఆగస్టులో వాళ్ల ప్రభుత్వం 2028 దాకా వేసుకున్న కార్యక్రమంలో ఈ పైపు ఊసే లేదు, వీళ్లిద్దరి బేరం ఎప్పటికి తేలుతుందో అని వాళ్లకే నమ్మకం లేదు.

మన సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తా, ఎందుకంటే "మనం కూడా రష్యా గ్యాస్ కొనేద్దాం" అనే కామెంట్ ఎలాగూ వస్తుంది. కొన్నాం. గెయిల్ 2012లో గాజ్‌ప్రోమ్ సింగపూర్ విభాగంతో ఇరవై ఏళ్ల ఎల్‌ఎన్‌జీ ఒప్పందం చేసుకుంది, 2018 నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కి ఓడలు వచ్చాయి. 2022లో గాజ్‌ప్రోమ్ జర్మనీ కంపెనీని జర్మన్ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది, ఈ సింగపూర్ విభాగం దాని కిందే ఉండేది. సరఫరా ఆగిపోయింది. ఎరువుల ఫ్యాక్టరీలకి గ్యాస్ కోత పడింది, గెయిల్ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది, 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్ల పరిహారంతో రాజీ అయింది. గొడవ పెట్టుకున్నది యూరప్, రష్యా, ఓడ ఆగింది మనకి.

ఇంతకీ రెండో పైపు వేస్తారా? వేస్తారనే నా అభిప్రాయం, కానీ రష్యా చెప్పే తేదీకి కాదు, రష్యా అడిగే రేటుకి అసలే కాదు. రష్యా దగ్గర ఇప్పుడు యుద్ధం ఖర్చుంది, వడ్డీ రేట్లు మండుతున్నాయి, సొంతంగా తన వైపు పైపు వేసుకోవడానికి గాజ్‌ప్రోమ్ ఖాతాలో అంత మిగులు లేదు. అందుకని థంబ్‌నెయిల్స్ కాకుండా మూడు వార్తల కోసం చూడండి. చైనా బ్యాంకులు అప్పిచ్చాయా, ఏటా కచ్చితంగా ఎంత కొంటామని సీఎన్‌పీసీ రాసిచ్చింది, రేటు ఫార్ములాని దేనికి కట్టారు. ఈ పోస్టు రాస్తున్న 2025 డిసెంబర్ నాటికి ఆ మూడింట్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు.